పొట్టి ఎలుకకు పుట్టెడు నూకలు

రాజపాళెం కుక్కను ఒకసారి చూసినవాళ్ళు దాని ముక్కును మరిచిపోరు. ఒళ్ళంతా పాలతెలుపు, ముక్కు మాత్రం గులాబీ రంగు. భుజం దగ్గర కొలిస్తేనే రెండడుగులు దాటుతుంది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద స్టాంపులు వేసినప్పుడు అందులో ఇదీ ఉంది. వందల ఏళ్ళ కిందట తెలుగునేల నుంచి దక్షిణానికి తరలివెళ్ళిన రాజుల ఊరు రాజపాళెం. చుట్టూ అరవం వినిపించే ఆ ప్రాంతంలో ఇంటి లోపల తెలుగు ఎలా నిలిచిందో, ఇంటి ముందు ఈ కుక్క అలా నిలిచింది.

కుక్కల్ని పెంచేవాళ్ళందరికీ చేదుగా తెలిసే సంగతి ఒకటుంది. కుక్క ఎంత భారీదైతే అంత తొందరగా ముసలిదవుతుంది. గ్రేట్ డేన్ ఎనిమిదేళ్ళు దాటితే గొప్ప. ఒళ్ళో పట్టే పొమరేనియన్ పన్నెండేళ్ళు దాటినా ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో 74 జాతుల కుక్కల లెక్కలు తీసి, సుమారు ప్రతి రెండు కిలోల బరువుకూ ఒక నెల ఆయుష్షు తరుగుతోందని తేల్చారు. ఏనుగునూ ఎలుకనూ పక్కపక్కన పెడితే పెద్దదే ఎక్కువ కాలం బతుకుతుంది. ఒక్క కుక్కల లోపలే చూస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది.

దీని వెనక ఏముందో కొంతవరకు 2007లో బయటపడింది. పొట్టి జాతి కుక్కల్లో ఎక్కువ భాగం ఒకే జన్యువులో ఒకే రకం మార్పును మోస్తున్నాయని అమెరికా శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ఆ జన్యువు తయారుచేసే హార్మోన్ పేరు ఐజీఎఫ్-1. ఒళ్ళు పెరగమని కణాలకు చెప్పే కబురు అది. అదే హార్మోన్ ముసలితనాన్ని కూడా తొందరపెడుతోందా? కుక్కల్ని చూసి ఆ మాట చెప్పలేం. గ్రేట్ డేన్‌కూ పొమరేనియన్‌కూ మధ్య ఒక్క జన్యువే కాదు, వేల తేడాలున్నాయి. రెండు సంగతులు జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని తేల్చలేం. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటే మార్చి చూడాలి. అలా మార్చనిచ్చే జంతువు చిట్టెలుక.

చిట్టెలుక మూడు వారాల్లో ఈనుతుంది. పుట్టిన రెండు నెలలకే పిల్లల్ని కనే ఈడుకు వస్తుంది. రెండు మూడేళ్ళలో దాని బతుకు ముగుస్తుంది. మనిషిని పుట్టుక నుంచి చావు దాకా గమనించాలంటే శాస్త్రవేత్త రెండు జన్మలెత్తాలి. ఎలుకనైతే ఒక పీహెచ్‌డీ కాలంలో చూసేయవచ్చు. 2002లో దాని జన్యుపటం అచ్చయినప్పుడు, మన జన్యువుల్లో దాదాపు అన్నిటికీ అందులో జోడీ ఉందని తేలింది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే నల్ల ఎలుకల వంశం 1921లో మొదలైంది. తరతరాలుగా అన్నాచెల్లెళ్ళనే జతకట్టిస్తూ రావడంతో అవన్నీ కవలల్లా ఒకే అచ్చున ఉంటాయి. కాబట్టి ఒక్క జన్యువు మార్చితే వచ్చే తేడా ఆ మార్పుదేనని ధైర్యంగా చెప్పవచ్చు.

ఒంట్లో పెరుగుదల ఎలా జరుగుతుందో చెరువు కింద సేద్యం చేసినవాళ్ళకు చెప్పడం తేలిక. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది తూము. అందులోంచి గ్రోత్ హార్మోన్ నెత్తురు కాలువలోకి వస్తుంది. కాలువ అన్ని పొలాల పక్కనుంచీ పోతుంది, కానీ మడవ ఉన్న పొలానికే నీరు పారుతుంది. కణం అంచున ఉండే గ్రాహకం ఆ మడవ. కాలేయం ఈ కబురు అందుకుని ఐజీఎఫ్-1ను తయారుచేసి మళ్ళీ అదే కాలువలోకి వదులుతుంది. ఎముక సాగడానికీ కండ పట్టడానికీ ఈ రెండూ కావాలి.

ఏ మడవ ఏ పొలానికి పోతుందో చూపే పటం మన దగ్గర లేదనుకోండి. ఎలా కనుక్కుంటాం? ఒక మడవ మూసి, ఏ చెక్క ఎండిందో చూస్తాం. లేదా ఒకదాన్ని మరీ వెడల్పుగా తవ్వి, ఏది మునిగిందో చూస్తాం. జన్యుమార్పిడి ఎలుకల శాస్త్రం మొత్తం ఈ రెండు పనుల మీదే నడుస్తోంది.

ముందు తవ్వి చూశారు. 1982లో రిచర్డ్ పామిటర్, రాల్ఫ్ బ్రిన్‌స్టర్ బృందం రాట్ అనే పెద్ద జాతి ఎలుక గ్రోత్ హార్మోన్ జన్యువును తీసుకుని, దానికి వేరే జన్యువు స్విచ్చి తగిలించి, ఫలదీకరణ జరిగిన చిట్టెలుక అండంలోకి సన్నటి సూదితో ఎక్కించింది. పుట్టిన 21 పిల్లల్లో ఏడింటికి ఆ జన్యువు పట్టింది. వాటిలో ఆరు తోడబుట్టినవాటిని మించి పెరిగాయి. పక్కపక్కన కూర్చున్న అన్నదమ్ములు, ఒకటి మామూలు ఎలుక, ఒకటి దానికంటే బాగా పెద్దది. ఆ ఫొటో నేచర్ పత్రికలో వచ్చి లోకాన్నంతా అబ్బురపరిచింది. ఆ తర్వాతి కథకు అంత ప్రచారం దక్కలేదు. అలా పెంచిన రాక్షస ఎలుకలు తొందరగా ముసలివయ్యాయి. మూత్రపిండాలు చెడ్డాయి, కంతులు వచ్చాయి, మామూలు ఎలుకల ఆయుష్షులో సగం చుట్టూ ఆగిపోయాయి.

ఆ కాలంలోనే ఒహాయో విశ్వవిద్యాలయంలో జాన్ కాప్‌చిక్ అనే శాస్త్రవేత్త ఆవు గ్రోత్ హార్మోన్ జన్యువులో చిన్న మార్పు చేసి ఎలుకల్లో పెట్టాడు. పెద్దవి పుడతాయనుకున్నారు. పుట్టినవి పొట్టివి. చాలామంది ఏదో పొరపాటు జరిగిందనుకుని ఆ బోనుల్ని పక్కన పడేసేవాళ్ళు. ఆయన బృందం పడేయలేదు. మార్చిన హార్మోన్ వెళ్ళి మడవకు అడ్డంగా కూర్చుంటోందని, అసలు హార్మోన్‌ను రానివ్వడం లేదని కనిపెట్టింది. ఇది 1990లో అచ్చయింది. పిట్యూటరీలో కంతి పుట్టి గ్రోత్ హార్మోన్ వరదలా పారి, చేతులూ కాళ్ళూ దవడా పెరుగుతూ పోయే జబ్బు ఒకటుంది, ఆక్రోమెగలీ. ఆ పొట్టి ఎలుకలు చూపిన దారిలోనే దానికి మందు తయారైంది. పెగ్విసోమాంట్ అనే ఆ మందుకు 2003లో అమెరికాలో అనుమతి దొరికింది. నన్నడిగితే ఈ రంగం మొత్తంలో అందమైన పొరపాటు ఇదే.

ఇక మడవ మూయడం. ఒక జన్యువును గురిచూసి పనికిరాకుండా చేసే పద్ధతిని మారియో కపెకీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్ 1980లలో రూపొందించారు. 2007లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. పిండ మూలకణంలో జన్యువును చెడగొట్టి, ఆ కణాన్ని పిండంలో కలిపి, పుట్టిన పిల్లల్ని జతకట్టించి, ఒకటి రెండేళ్ళు ఓపిక పడితే ఒక కొత్త వంశం చేతికి వచ్చేది. 2013లో క్రిస్పర్ అనే జన్యు కత్తెర ఎలుకల మీద వాడకంలోకి వచ్చాక అదే పని నెలల్లో అయిపోతోంది.

దీనికంటే ముందే ప్రకృతి తనంతట తాను కొన్ని మడవలు మూసి చూపించింది. అమెరికాలోని ఏమ్స్ పట్నంలో 1961లో పొట్టి ఎలుకల వంశం ఒకటి బయటపడింది. వాటి పిట్యూటరీ సరిగా తయారుకాదు. గ్రోత్ హార్మోన్ లేదు, ఇంకో రెండు హార్మోన్లు కూడా లేవు. 35 ఏళ్ళపాటు అవి వింతగానే మిగిలిపోయాయి. 1996లో హోలీ బ్రౌన్-బోర్గ్, ఆంద్రెయ్ బార్ట్‌కే వాటిని చనిపోయేదాకా గమనించి లెక్కకట్టారు. మగ పొట్టి ఎలుకలు మామూలు వాటికంటే దాదాపు సగం కాలం అదనంగా బతికాయి, ఆడవి అంతకంటే ఎక్కువ. మరి లేనిది మూడు హార్మోన్లు కదా, ఇందులో ఏది కారణం? కాప్‌చిక్ బృందం 1997లో గ్రోత్ హార్మోన్ గ్రాహకాన్ని ఒక్కదాన్నే తీసేసిన ఎలుకల్ని తయారుచేసింది. తూము బాగానే ఉంది, కాలువలో నీరూ ఉంది, మడవ మాత్రమే లేదు. అవీ పొట్టిగానే ఉన్నాయి, అవీ ఎక్కువ కాలం బతికాయి. కారణం గ్రోత్ హార్మోన్ దారిలోనే ఉందని అక్కడ ఖాయమైంది.

ఆ వంశంలోని ఒక ఎలుకకు 11సీ అని పేరు. బార్ట్‌కే ప్రయోగశాలలో పెరిగింది. 2003 జనవరిలో, అయిదేళ్ళు నిండడానికి వారం ముందు పోయింది. ఎలుకకు అయిదేళ్ళంటే మనిషికి నూట యాభై దాటినట్టే. ఎక్కువ కాలం బతికిన ఎలుకకు ఇచ్చే బహుమతి ఒకటి అప్పుడే పెట్టారు, అది దానికే దక్కింది.

ఒంట్లో ఒక్క చోట మాత్రమే మడవ మూసే కిటుకు కూడా ఉంది. దాన్ని వాడి 1999లో కాలేయంలో మాత్రమే ఐజీఎఫ్-1 జన్యువును తీసేశారు. నెత్తురులో ఆ హార్మోన్ 75 శాతం పడిపోయింది. ఎలుక మరుగుజ్జు అవుతుందని పుస్తకాలన్నీ చెప్పేవి. అది మామూలుగానే పెరిగింది! కాలువలో పారే నీటితోనే పొలాలన్నీ పండుతున్నాయని అందరూ అనుకుంటూ వచ్చారు. తీరా చూస్తే ఎముక తన చేలో తానే బావి తవ్వుకుంది. నెత్తురు పరీక్షలో ఒక హార్మోన్ అంకె చూసి ఒళ్ళంతటి సంగతీ తెలిసిందనుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది. అలాగే 2003లో బోస్టన్‌లో కొవ్వు కణాల్లో మాత్రమే ఇన్సులిన్ గ్రాహకాన్ని తీసేస్తే, ఆ ఎలుకలు కడుపునిండా తిని కూడా సన్నగానే ఉండి, సగటున 18 శాతం ఎక్కువ బతికాయి.

పెరుగుదల ఆయుష్షును తినేస్తుంటే ప్రకృతి దాన్ని ఎందుకు ఉంచిందన్న అనుమానం రావాలి. వరిచేలో ఎలుకను అడగండి. గుడ్లగూబ, పాము, పిల్లి, రైతు పెట్టే బుట్ట. దానికి ఏడాది గడవడమే గగనం. మూడో ఏట వచ్చే కంతి దాని కథలో లేనేలేదు. త్వరగా పెరిగి, త్వరగా ఈని, పిల్లల్ని వదిలిపోయిన ఎలుకదే వంశం నిలుస్తుంది. వయసులో మేలు చేసి ముసలితనంలో కీడు చేసే జన్యువులు అందుకే నిలిచిపోతాయని జార్జ్ విలియమ్స్ 1957లోనే వాదించాడు. బోనులో వెచ్చగా కూర్చున్న పొట్టి ఎలుకకు గుడ్లగూబ లేదు. అదే దాన్ని పొలంలో వదిలితే చలికే సగం చస్తుంది. ఏమ్స్ వంశపు ఆడవి పిల్లల్ని కూడా కనలేవు.

ఇక్కడ ఒక అపార్థానికి అడ్డుకట్ట వేయాలి. పొట్టిగా ఉంటే మంచిదట అని పిల్లల కంచంలో కోత పెట్టే అమ్మానాన్నలు ఉండరనుకుంటాను, కానీ పొట్టితనంలో రకాలున్నాయని మన దక్షిణాదిలోనే, చాలా ముందే తేలింది. రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. తర్వాత ఆయన ఎలుకల్ని గుంపులు చేసి, ఒక్కో గుంపుకు దేశంలో ఒక్కో ప్రాంతపు భోజనం పెట్టాడు. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు తిన్న పంజాబీ గుంపు అన్నిటికంటే ఏపుగా పెరిగింది. పాలిష్ బియ్యపు మద్రాసు భోజనం తిన్న గుంపు అన్నిటికంటే చిక్కిపోయింది. అవి పొట్టివి, పైగా రోగిష్టివి. ఏమ్స్ ఎలుకకు తిండికి లోటు లేదు, కబురు ఒక్కటే అందలేదు. మద్రాసు ఎలుకకు కబురు అందింది, కట్టుకోవడానికి ఇటుకల్లేవు. రెండూ పొట్టివే, ఆయుష్షు దగ్గర మాత్రం పొత్తు కుదరదు.

మెకారిసన్ ఒంటిగది సంస్థ పెరిగి పెద్దదై, 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలింది. తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ అదే. కూనూరు నాటి ఎలుకల వంశం కూడా దాంతోపాటే వచ్చింది. 1990లలో ఆ వంశంలో ఎవరూ ఏమీ చేయకుండానే బండలావు ఎలుకలు పుట్టాయి. ఎన్.వి. గిరిధరన్ బృందం వాటిని వేరుచేసి రెండు వంశాలుగా నిలబెట్టింది. ఈ ఎలుకలు కిలో పైన తూగుతాయి. మామూలు పెద్ద ఎలుక అరకిలో తూగితే గొప్ప. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ హార్మోన్ వీటి నెత్తురులో కావలసినదానికంటే ఎక్కువే ఉంది. మెదడు వినిపించుకోదు. తింటూనే ఉంటాయి. ఏడాది దాటేసరికి కొన్నిటికి కంట్లో శుక్లాలు వస్తాయి, కంతులు వస్తాయి, మెదడులో ముసలితనపు గుర్తులు ముందే కనిపిస్తాయి, తొందరగా పోతాయి. అందుకే ఎం. రఘునాథ్ వంటి శాస్త్రవేత్తలు ఈ వంశాన్ని స్థూలకాయానికే కాక, అకాల వార్ధక్యానికి కూడా నమూనాగా వాడారు. చక్కెర జబ్బు ఇంటింటికీ చేరిన మన ప్రాంతానికి, ఏమ్స్ పొట్టి ఎలుక కంటే ఈ తార్నాక బొద్దు ఎలుకే ఎక్కువ పనికొస్తుందని నా లెక్క.

మళ్ళీ రాజపాళెం వెళదాం. కుక్కలకంటే ముందు ఆ ఊరి పేరు నూలుతో వినిపిస్తుంది. అక్కడ స్పిన్నింగు మిల్లులు, దగ్గర్లోని సత్రపట్టిలో ఆసుపత్రులకు వెళ్ళే బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలు. అక్కడి వాళ్ళకు నచ్చే పేరున్న జన్యువు ఒకటుంది, క్లోథో. గ్రీకు పురాణంలో మనిషి ఆయుష్షును నూలుగా వడికే దేవత పేరది. (గ్రీకులు ఆయుష్షును దారంతో కొలిచారు, మనం నూకలతో కొలిచాం. నూకలు చెల్లాయనే అంటాం కానీ దారం తెగిందనం. ఎవరి తిండి గోల వారిది.) జపాన్‌లో మకోతో కురో-ఓ రక్తపోటుకు సంబంధించిన జన్యువు ఒకదాన్ని ఎలుకల్లో పెడుతుండగా, అది వెళ్ళి ఒకచోట తెలియని జన్యువు మధ్యలో దిగబడి దాన్ని చెడగొట్టింది. ఆ ఎలుకలు మూడు నాలుగు వారాలు బాగానే పెరిగి, ఒక్కసారిగా ముసలివయ్యాయి. చర్మం పలచబడింది, ఎముక గుల్లబారింది, రక్తనాళాలు గట్టిపడ్డాయి, రెండు నెలలకే చనిపోయాయి. 1997లో ఆ జన్యువుకు దేవత పేరు పెట్టారు. 2005లో అదే జన్యువును ఎక్కువగా పనిచేయిస్తే ఎలుకల ఆయుష్షు 20 నుంచి 30 శాతం పెరిగింది.

అయితే క్లోథో వడికేది ఆయుష్షు కాదు, అది చూసేది భాస్వరం లెక్క. ఎముక నుంచి వచ్చే ఒక హార్మోన్ మూత్రపిండానికి ‘మిగిలిన భాస్వరాన్ని బయటికి పంపు’ అని చెబుతుంది. ఆ కబురు అందాలంటే అక్కడ క్లోథో ఉండాలి. అది లేకపోతే భాస్వరం నెత్తురులో పేరుకుని, మెత్తగా ఉండాల్సిన నాళాలను సున్నంలా గట్టిపరుస్తుంది. క్లోథో లేని ఎలుకలకు భాస్వరం తక్కువున్న మేత పెడితే ఆ ముసలితనంలో చాలా భాగం వెనక్కి పోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళ గుండె, నాళాలు ఎందుకు అంత త్వరగా చెడతాయో అర్థం కావడానికి ఈ ఎలుకే దారి చూపింది.

మరి మనిషి మాటేమిటి? ఈక్వడార్ దేశపు కొండ పల్లెల్లో గ్రోత్ హార్మోన్ గ్రాహకం పుట్టుకతోనే పనిచేయని మనుషులు వందమంది దాకా ఉన్నారు. ఎత్తు మూడున్నర, నాలుగు అడుగులు. 1966లో ఇజ్రాయెల్ వైద్యుడు జ్వీ లారాన్ వర్ణించిన జబ్బు ఇది. హైమె గెవారా-అగిర్రె అనే వైద్యుడు వాళ్ళను 22 ఏళ్ళు గమనించాడు. 2011లో అచ్చయిన ఫలితం: వాళ్ళ బంధువుల్లో 17 శాతం మందికి క్యాన్సర్, 5 శాతం మందికి చక్కెర జబ్బు. ఈ పొట్టివాళ్ళలో ఒక్కరికి ప్రాణం తీయని క్యాన్సర్, చక్కెర జబ్బు ఎవరికీ లేదు. అయినా వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ ఏళ్ళు బతకలేదు. ప్రమాదాలు, తాగుడు, మూర్ఛలు తీసుకుపోయాయి. మనిషికి కూడా గుడ్లగూబలున్నాయి, వేరే రూపంలో.

ఎలుకలు ఇన్నేళ్ళుగా ఒకటే మాట చెబుతుంటే బజారు దానికి తలకిందులు మాట అమ్ముతోంది. 1990లో అమెరికాలో డేనియల్ రుడ్‌మన్ బృందం అరవై దాటిన 12 మంది మగవాళ్ళకు ఆరు నెలలు గ్రోత్ హార్మోన్ ఇస్తే కండ పెరిగి కొవ్వు తగ్గింది. అంతే, యవ్వనం సూదిమందులో దొరుకుతుందన్న వ్యాపారం అప్పటి నుంచి ఆగలేదు. ఆ మందును ముసలితనం పోగొట్టడానికని అమ్మడం అమెరికాలో నేరం. మన నగరాల్లో జిమ్ముల చుట్టూ ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. నిజంగా గ్రోత్ హార్మోన్ తక్కువై ఎదగని పిల్లలకు అది వరం లాంటి మందు, పిల్లల హార్మోన్ల వైద్యుడు పరీక్షించి చెబితే ఆలస్యం చేయకుండా వాడాలి. యాభై దాటాక కండలకోసమో నిగారింపుకోసమో ఎవరైనా ఆ సూది పొడుస్తామంటే, 1982 నాటి ఫొటోలోని ఆ పెద్ద ఎలుక ఎన్నాళ్ళు బతికిందో ఒక్కసారి వాళ్ళను అడగండి.